తంతి మోసినవాడి మాటలు

మైలాపూరులో జరిగిన తెలుగువారి నెలవారీ సమావేశంలో, తంతి (టెలిగ్రాం) శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఆయన మాటల్లోనే ఉంచాం.

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దగ్గరికి జరపండి బాబూ. వెనక వినిపిస్తోందా అమ్మా? సరే.

నాకు ఇచ్చిన అంశం యుద్ధం, రాజకీయ విభజనలు, శాంతి. ఈ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వింది. "శాంతి గురించి మీరు మాట్లాడతారా?" అంది. ఆ నవ్వుకు కారణం ఉంది. అది తర్వాత చెబుతాను, ఇప్పుడే చెబితే మీరు లేచి వెళ్ళిపోతారు.

నేను చరిత్రకారుణ్ణి కాను. సైన్యంలో లేను, ఏ పార్టీలోనూ లేను. 1967లో తంతి శాఖలో చేరి ముప్పై తొమ్మిదేళ్ళు అక్కడే ఉన్నాను. తంతి. ఈ మాట చూడండి, తెలుగులోనూ తంతే, తమిళంలోనూ తంతే. 1953లో రాష్ట్రాలు పంచుకున్నప్పుడు ఇది ఎవరి వాటాకు వచ్చిందో ఎవరూ తేల్చలేదు. ఒకరి మాటను ఇంకొకరికి చేర్చడం మా పని. అందులో మా సొంత మాట ఒక్కటి కూడా కలవకూడదు. అన్నేళ్ళు ఊరివాళ్ళ మాటలు మోసినవాణ్ణి పట్టుకుని ఇవాళ నీ మాట చెప్పు అన్నారు. కొంచెం భయంగానే ఉంది.

మన మద్రాసు యుద్ధాన్ని చూసిందా? చూసిందనీ చెప్పవచ్చు, చూడలేదనీ చెప్పవచ్చు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ మన తీరానికి వచ్చి హార్బరు పక్కనున్న బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. నూట పాతిక దాకా గుండ్లు. అరగంట కూడా పట్టలేదు. చమురు తగలబడింది, కొందరు చనిపోయారు, జనం మూటలు కట్టుకుని ఊరు వదిలారు. హైకోర్టు ప్రహరీ దగ్గర దాని గుర్తుగా ఒక ఫలకం ఉంది, అటు వెళ్ళినప్పుడు చూడండి. ఆ నవంబరులోనే ఎమ్డెన్ కోకోస్ దీవుల దగ్గర దెబ్బతిని ముగిసిపోయింది. కానీ ఈ ఊరి నోట్లో ఉండిపోయింది. గడుసువాణ్ణి, గుండెలు తీసిన బంటును ఇక్కడ 'ఎమ్డెన్' అంటారు కదా? నన్ను మా అత్తయ్యలు అలాగే పిలిచేవారు. మన మీద గుండ్లు వేసిన ఓడ పేరు పెట్టి మన పిల్లల్ని ముద్దు చేసుకున్నాం. కాస్త దూరం జరిగితే యుద్ధం ముద్దొస్తుంది. ఈ దూరం సంగతి కొంచెం గుర్తు పెట్టుకోండి, నాకు మళ్ళీ పని పడుతుంది.

1942 సంగతి నాకు మా నాయనమ్మ చెప్పింది. నేను పుట్టింది 1946లో. అయినా ఎన్నిసార్లు చెప్పిందంటే, నా కళ్ళతో చూసినట్టే ఉంటుంది.

అప్పట్లో మా వాళ్ళు చింతాద్రిపేటలో ఉండేవారు. కూవం పక్కన. నది అవతల కాస్త దూరంలో సెంట్రల్ స్టేషను, అక్కడే పీపుల్స్ పార్కు, అందులో జంతు ప్రదర్శనశాల. ఇప్పుడు జూ ఉన్న వండలూరు కాదమ్మా, అది చాలా తర్వాత వచ్చింది. అప్పుడు జూ ఊరి నడిబొడ్డునే ఉండేది. రాత్రి ట్రాములు ఆగిపోయి ఊరు సద్దుమణిగాక సింహం గర్జన మా ఇంట్లోకి వినిపించేదట. మా నాన్నకు అన్నం తినిపించింది ఆ సింహమే అనేది నాయనమ్మ.

ఆ ఏడాది ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద పడ్డాయి. 6న విశాఖపట్నం, కాకినాడ. ఇక తరువాయి మద్రాసే అన్నారు. ఇక్కడ ఉండక్కర్లేని వాళ్ళు ఊరు విడిచి వెళ్ళండని ప్రభుత్వమే చెప్పింది. హైకోర్టు కోయంబత్తూరుకు పోయింది. ప్రభుత్వ కచేరీలు లోపలి ఊళ్ళకు తరలిపోయాయి. ఇంటి అద్దెలు పడిపోయాయి, బండ్ల కూలీలు పెరిగిపోయాయి. "ఉండక్కర్లేని వాళ్ళు అంటే ఎవరో నాకు అర్థం కాలేదురా, నేను ఉండాలో అక్కర్లేదో నాకు ఎవరు చెబుతారు?" అనేది నాయనమ్మ.

సరిగ్గా అప్పుడే ఆవిడ ఆవకాయ పెట్టింది. ఆ ఏడు కాయ ముందే దిగిందట. ఇక్కడ ఉన్న ఆడవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, కుర్రవాళ్ళ కోసం చెబుతున్నాను. ఆవకాయ కలిపి జాడీలో పెట్టి మూతికి గుడ్డతో వాసెన కడతారు. మూడోనాడు వాసెన విప్పి తిరగ కలపాలి. ఉప్పు చూడాలి. నూనె పైకి తేలిందో లేదో చూడాలి, చాలకపోతే పోయాలి. మూడోనాడు ఆ పని చేయలేదా, ఏడాది కాయ బూజు పాలు. ఆవకాయ కలిపిన మర్నాడే గూడూరు బండి ఎక్కాల్సి వచ్చింది. రైల్లో మనుషులు ఎక్కడానికే చోటు లేదు, జాడీ ఎక్కడ పెడతారు?

ఇంటి తాళం పక్కింటి ఆవిడకు ఇచ్చారు. వాళ్ళు తమిళులు. నేను ఆవిడను పాట్టీ అనేవాణ్ణి, తమిళంలో అవ్వ అని. వాళ్ళాయన రైల్వేలో పని, ఊరు వదలడానికి వీల్లేదు. అంటే వాళ్ళు ఉండవలసిన వాళ్ళు. తాళం చేతిలో పెడుతూ నాయనమ్మ ఇల్లు జాగ్రత్త అనలేదట. నగలు, బీరువా ఆ మాటే లేదు. "రేపు కలపాలి" అందట, అంతే.

ఆగస్టులో తిరిగి వచ్చారు. జపాన్ వాళ్ళు రాలేదు. మరుసటి ఏడు, 1943 అక్టోబరులో, ఒకే ఒక్క విమానం వచ్చి కొన్ని బాంబులు వేసి పోయింది, అంతే. నాయనమ్మ కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. జాడీకి వాసెన గుడ్డ మారి ఉంది. పాట్టి పాత చీర ముక్క. విప్పితే కాయ ఎర్రగా, పైన వేలెడు నూనె. అది పాట్టి సొంత డబ్బు పెట్టి కొని పోసిన నూనె. యుద్ధం రోజుల్లో, ఊరు ఖాళీ అయిపోయి కొట్లు మూసేసిన రోజుల్లో, పక్కింటి జాడీలో పోయడానికి నూనె కొన్నదండీ ఆవిడ. రుచి ఎలా ఉందని నేను అడిగేవాణ్ణి. "కొంచెం ఇంగువ తగిలింది. అరవవాళ్ళ చెయ్యి పడ్డాక ఇంగువ లేకుండా ఎలా ఉంటుంది?" అనేది. అని ఇంకో ముద్ద కలుపుకునేదట.

మరి సింహం? ఆ రాత్రి పడుకుంటే ఏదో వెలితిగా అనిపించిందట. తెల్లవారాక పాట్టి చెప్పింది. బాంబులు పడి బోనులు విరిగితే క్రూరమృగాలు ఊళ్ళో పడతాయని, ఏప్రిల్‌లోనే మలబారు స్పెషల్ పోలీసులను పిలిపించి కాల్చేశారు. సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు. బోనులో ఉన్నవాటిని. బాంబు పడలేదు, బోను విరగలేదు. ఇటు గోడ పక్కన ఒక జాడీని కాపాడిన ఊరే అటు ఆ పని చేసింది. ఈ రెండూ ఒకే వారంలో, ఒకే భయంలో జరిగాయి. నాకు ఈ ముడి ఇప్పటికీ విడలేదు.

నందంబాక్కంలో యుద్ధ సమాధుల తోట ఉంది, మౌంటు-పూందమల్లి రోడ్డులో. ఎనిమిది వందల యాభైకి పైగా సమాధులు, రెండో ప్రపంచయుద్ధం నాటివి, ఊళ్ళో వేరు వేరు శ్మశానాల నుంచి తెచ్చి ఒకచోట చేర్చారు. పచ్చిక చక్కగా కత్తిరించి ఉంటుంది. రాళ్ళ మీద పేరు, దళం, తేదీ, వయసు. నేను వెళ్ళినప్పుడు వయసులే చదువుతాను. మా మనవడికి చూపిస్తే "తాతా, వీళ్ళు నా కంటే చిన్నవాళ్ళు" అన్నాడు. వాడికి అప్పుడు ఇరవై నాలుగు.

ఇప్పుడు రెండో కథ. ఇదే ఇల్లు, ఇదే గోడ, ఇదే పాట్టి. జపాన్ వల్ల కాని పని రాజకీయం వల్ల అయింది.

ఇక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో, రాయపేట హైరోడ్డులో, బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు అక్కడ దీక్షకు కూర్చున్నారు. 58 రోజులు. డిసెంబరు 15 రాత్రి పోయారు. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. చూడనివాళ్ళు సిగ్గుపడనక్కర్లేదు, ఒకరోజు వెళ్ళి రండి. ఆయన పోయిన వార్త తెలిసి ఆంధ్ర ప్రాంతం భగ్గుమంది. రైల్వే స్టేషన్ల మీద పడ్డారు, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. నాలుగు రోజులకు, 19న, నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్నారు. మద్రాసు మాత్రం కాదు. మద్రాసు మీద ఆశ వదులుకుంటేనే రాష్ట్రం అని 1949లోనే కాంగ్రెస్ వేసిన జె.వి.పి. కమిటీ చెప్పి ఉంది. ఆ కమిటీలో ఒకరు మన పట్టాభి సీతారామయ్య గారే, ఆ సంగతి మనవాళ్ళు ఎక్కువగా తలచుకోరు.

మనవాళ్ళు 'మద్రాసు మనదే' అన్నారు. అటు తమిళ నాయకుడు మా.పొ.శివజ్ఞానం గారు తల ఇచ్చి అయినా తలనగరాన్ని కాపాడుకుంటాం అన్నారు. నేను ఎవరి పక్షం? నాకు ఆరేళ్ళు. నాది ఆవకాయ పక్షం.

మా ఇంటికీ పాట్టి వాళ్ళ ఇంటికీ మధ్య ఉమ్మడి గోడ. వంటింటి దగ్గర ఆ గోడలో ఒక సందు ఉండేది, పెద్ద గిన్నె పట్టేంత. ఇటు నుంచి పప్పు పెడితే అటు తీసుకునేవారు, అటు నుంచి అడై వస్తే ఇటు మేము తీసుకునేవాళ్ళం. ఏ మాట మీద గొడవ వచ్చిందో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. మా తాతయ్య ఏదో అన్నాడట, పాట్టి వాళ్ళాయన ఏదో అన్నాడట. ఇద్దరూ పేపరు చదివే మనుషులు, అదే చిక్కు. పంపు దగ్గర పలకరింపులు ఆగిపోయాయి. గోడ సందుకు మా వైపు పాత పంచాంగాల కట్ట అడ్డం పెట్టారు. వాళ్ళ వైపు కిరసనాయిలు డబ్బా పెట్టారు. ఎనిమిది నెలలు అలా ఉంది. ఆ ఏడు ఆవకాయ జాడీ వాళ్ళకు వెళ్ళలేదు.

1953 అక్టోబరు 1. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ పొద్దున మా గుమ్మంలో పాట్టి నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, అందులో పసుపు, కుంకుమ, రవికెల గుడ్డ, కొబ్బరికాయ. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నాయనమ్మ తలుపు తీసి అలాగే చూస్తోంది. పాట్టి అడిగింది, "ఎప్పుడు బయలుదేరుతున్నారు?" అని.

"ఎక్కడికి?" అంది నాయనమ్మ.

"కర్నూలుకు."

మీరు నవ్వుతున్నారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదండీ. తెలుగువాళ్ళకు రాష్ట్రం వచ్చింది కాబట్టి తెలుగువాళ్ళందరూ సామాను సర్దుకుని అక్కడికి వెళ్ళిపోతారని ఆవిడ అనుకుంది. అన్ని నెలలూ ఆ బెంగతో ఉంది. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగడానికి మాటలు లేవు కదా! ఇక మా నాయనమ్మ సంగతి వినండి. పక్కవాళ్ళు మమ్మల్ని ఏ రాత్రి వెళ్ళగొడతారో అని, అప్పటికే ఇత్తడి సామాను రెండు గోనెసంచుల్లో కట్టి అటక మీద దాచింది. వెళ్ళగొట్టేవాళ్ళు లేరు, వెళ్ళేవాళ్ళూ లేరు. ఆ సంచులు విప్పడానికి పాట్టీయే వచ్చి సాయం చేసింది. పంచాంగాల కట్ట మాత్రం ఆ సందులోనే చాలా రోజులు ఉంది, దాని వెనక ఎలుక పిల్లలు పెట్టింది.

సరిహద్దు గొడవలు ఆ తర్వాత కూడా నలిగాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఇటు వచ్చింది, తిరుపతి అటే ఉంది. కొండ మీద సుబ్రహ్మణ్యస్వామిని వాళ్ళు తీసుకున్నారు, వెంకన్నను మనం ఉంచుకున్నాం అని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. తిరుమల క్యూలో తమిళం ఎంత వినిపిస్తుందో మీకు తెలుసు. సరే, అది వదిలేద్దాం.

1971కి వస్తాను. నాకు పాతికేళ్ళు, టెలిప్రింటర్ మీద రాత్రి పని. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకాలో లొంగుబాటు. మా ఆఫీసులో మైసూర్‌పాకు పంచారు. నేనూ తిన్నాను. రెండు తిన్నాను, అబద్ధం ఎందుకు?

యుద్ధం 16న ఆగింది. తంతులు ఆగలేదు. ఎలా ఆగుతాయి? ఎక్కడో పోయినవాడి పేరు తేలాలి, దళం నుంచి రికార్డు ఆఫీసుకు పోవాలి, అక్కడి నుంచి ఇంటి చిరునామాకు రావాలి. వీధిలో బాణసంచా కాలుస్తుంటే మా యంత్రం టకటకమని ఆ పేర్లు కొడుతూనే ఉంది. ఒక రాత్రి, 20వ తేదీ దాటింది, ఉత్తర మద్రాసు చిరునామాతో ఒకటి వచ్చింది. ఇంటిపేరు తెలుగు. మామూలుగా మేము తంతి పట్టుకుని ఇళ్ళకు వెళ్ళం, దానికి వేరే మనుషులు, ఖాకీ దుస్తులు, సైకిళ్ళు ఉంటాయి. ఆ రోజు మనిషి చాలక, "నువ్వు వెళ్ళే దారే కదా, తెలుగు కూడా వచ్చు, ఇచ్చి పో" అన్నారు పైవాళ్ళు.

పొద్దున ఆరు గంటలు. గుమ్మంలో ఒకావిడ ముగ్గు వేస్తోంది. సైకిలు గంట విని తల ఎత్తింది. నా చేతిలో కవరు చూసింది. గబగబా లోపలికి వెళ్ళి వచ్చి నా చేతిలో అర్ధరూపాయి పెట్టింది. చేతికి ముగ్గుపిండి ఉంది, నాణానికీ అంటుకుంది. "చదువు నాయనా" అంది. యుద్ధం అయిపోగానే సెలవు దొరుకుతుంది, బయలుదేరే ముందు తంతి కొడతాను అని కొడుకు ఉత్తరం రాశాడట. మంచి కబురు తెచ్చినవాడికి ఇనాం ఇవ్వాలి కదా. ముందే ఇచ్చేసింది.

తంతి ఇంగ్లీషులో ఉంది. దాన్ని తెలుగులో చెప్పాలి. 'తెలియజేయుటకు మిక్కిలి చింతిస్తున్నాము' అనాలా? ముగ్గుపిండి చేత్తో నిలబడిన మనిషితో ఆ ముక్క ఎలా అంటారు? నోరు పెగల్లేదు. "కొంచెం మంచినీళ్ళు ఇస్తారా అమ్మా" అన్నాను. ఆవిడ నీళ్ళకు లోపలికి వెళ్ళగానే పక్కింటి తలుపు కొట్టాను. అదీ నా శౌర్యం. పక్కింటి ఆవిడ వచ్చింది, కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. ఆ తర్వాతది చెప్పను.

అర్ధరూపాయి నా జేబులోనే ఉండిపోయింది. తిరిగి ఎలా ఇస్తాను? ఖర్చు పెట్టడానికి మనసు రాలేదు. అగ్గిపెట్టెలో వేసి బీరువాలో పెట్టాను. పెళ్ళయిన కొన్నేళ్ళకు ఒకరోజు చిల్లర లేక మా ఆవిడ దాన్ని కూరగాయల బండివాడికి ఇచ్చేసింది. తప్పు ఆమెది కాదు, నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజే చెప్పాను. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా బండి కోసం వీధి చివరి దాకా వెళ్ళింది. దొరకలేదు.

అదే యుద్ధంలో ఇంకో తంతి ఉంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. ముందు మన మద్రాసు సముద్రంలోనే వెతికింది, తర్వాత విశాఖ వైపు వెళ్ళింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు తప్పుకుంది. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించాలి. రాజ్‌పుత్ అనే పాత ఓడ విక్రాంత్‌లా నటించింది. తూర్పు నౌకాదళ అధిపతి కృష్ణన్ గారు తర్వాత రాసిన ప్రకారం, దానికి తోడు ఒక తంతి కూడా పంపారు. విక్రాంత్‌లోని నావికుడు ఒకడు జబ్బుతో ఉన్న తల్లి క్షేమం అడుగుతున్నట్టుగా, రహస్యలిపి ఏదీ లేకుండా, ఎవరైనా విని పట్టుకునేలాగా.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ ముందు సముద్రంలో ఘాజీ మునిగింది. ఎలా మునిగిందో రెండు దేశాలూ రెండు విధాలుగా చెబుతాయి. తొంభై మందికి పైగా ఉన్నారు, ఒక్కడూ బతకలేదు.

గొప్ప ఎత్తు. ఆ తెలివికి నేను దండం పెడతాను, లేకపోతే విక్రాంత్‌లో ఉన్న మనవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు పోయేవారు. కానీ తంతి గుమస్తాగా నాకు ఒకచోట గుచ్చుకుంటుంది. తల్లికి జబ్బు అని తంతి వస్తే మేము మిగతావన్నీ ఆపి ముందు దాన్ని పంపేవాళ్ళం. వ్యాపారం తంతి ఆగేది, రాజకీయ నాయకుడి తంతి కూడా ఆగేది. యుద్ధం సరిగ్గా దాన్నే తీసి ఎరగా గుచ్చింది. తర్వాత అవతల తొంభై ఇళ్ళకు కబుర్లు వెళ్ళి ఉంటాయి కదా? వాటిని పట్టుకెళ్ళినవాడు ఎవడో ఉంటాడు. వాడు మంచినీళ్ళు అడిగాడో ఏమో.

మన పౌరాణిక నాటకాల సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? పల్లెలో రాత్రంతా ఆడతారు. జనం దేనికి వన్స్‌మోర్ అంటారు? రాయబారం పద్యాలకి. యుద్ధం దృశ్యం వచ్చేసరికి తెల్లవారుతుంది, చాపలు చుట్టుకుని పాలు పితకడానికి పోతారు. రాయబారం ఫలించలేదు కదా అని మా మనవడు అడిగాడు. ఫలించలేదు. అయినా ఎన్నిసార్లు పంపారు చూడండి. ద్రుపదుడి పురోహితుడు వెళ్ళాడు, సంజయుడు వచ్చాడు, ఆఖరికి కృష్ణుడే వెళ్ళాడు. ఐదు ఊళ్ళ దాకా దిగి అడిగారు. ఇవాళ మనం ఒక అపార్టుమెంటు సమావేశంలో అంత దిగం.

మొన్న 2025లో ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. మే 7న మన సైన్యం దాడులు చేసింది, 10న కాల్పులు ఆగాయి. ఆ మధ్యలో ఒక రాత్రి కరాచీ ఓడరేవు ధ్వంసమైందని కొన్ని ఛానళ్ళు ఊదరగొట్టాయి. మా పై అంతస్తులో టపాకాయలు కాల్చారు. తెల్లవారేసరికి అది నిజం కాదని తేలింది. కాల్చిన టపాకాయలు వెనక్కి రావు కదా! ఆ రోజుల్లోనే సత్యసాయి జిల్లా కుర్రవాడు ఒకడు, అగ్నివీర్, సరిహద్దులో చనిపోయాడు. పేరు మీకు తెలుసు, నేను చెప్పను. టపాకాయల వాసన ఇంకా మెట్ల మీద ఉంది, కింద పేపర్లో ఆ ఫొటో ఉంది.

పహల్గాంలో చంపినవాళ్ళకు దండం పెట్టాలా అని మీరు అడగవచ్చు. అడగాలి. న్యాయమైన ప్రశ్న. శిక్షించాలి, దేశాన్ని కాపాడేవాడు కాపాడాలి, నాకు రెండో మాట లేదు. నా గొడవ టపాకాయలతోనే. వెయ్యి మైళ్ళ దూరంలో కూర్చుని కాల్చిన టపాకాయలు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న దూరం ఇదే.

మా రోజుల్లో తంతికి పదానికి ఇంత అని రుసుము. కౌంటరు దగ్గర నిలబడి పెన్సిలుతో పదాలు కొట్టేసేవారు. 'ప్రియమైన' పోయేది, 'దయచేసి' పోయేది. డబ్బు కట్టి తిట్టు పంపినవాణ్ణి అన్నేళ్ళలో ఇద్దరినో ముగ్గురినో చూశాను. అందులో ఒకడు లెక్క విని తిట్టు తగ్గించాడు. ఇప్పుడు తిట్టుకు ఖర్చు లేదు.

సరే, మా ఆవిడ ఎందుకు నవ్విందో చెప్పాలి.

నాకు ఒక తమ్ముడు. హైదరాబాదులో స్థిరపడ్డాడు, వాడి భార్యది వరంగల్లు. 2014 ఫిబ్రవరిలో, పార్లమెంటులో విభజన బిల్లు నడుస్తున్న రోజుల్లో, మా ఇంట్లోనే, ఇక్కడే, చిన్న శుభకార్యం. భోజనాల దగ్గర నేను ఒక మాట అన్నాను. ఏమన్నానో ఇక్కడ చెప్పడానికి నాకు మొహం లేదు. మా మరదలి పుట్టింటివాళ్ళను కలిపి అన్న మాట. వాడు ఒక్కటే అన్నాడు, "మద్రాసులో కూర్చుని నీకు ఎందుకు అన్నయ్యా?" అని. వాడి ఆకులో ఇంకా పెరుగు వడ్డించలేదు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ జూన్ 2న రెండు రాష్ట్రాలు విడిపోయాయి. వాటి మధ్య పొద్దస్తమానం బస్సులు తిరుగుతున్నాయి, పెళ్ళిళ్ళు అవుతున్నాయి. మా ఇద్దరి మధ్యే రాకపోకలు లేవు. పదకొండేళ్ళు దాటింది. ఎనిమిది నెలల కథ చెప్పి ఇందాక మిమ్మల్ని నవ్వించినవాణ్ణి నేనే. వాడు అక్కడ ఏమనుకుంటున్నాడో నాకు తెలియదు. నేను ఏం అటక ఎక్కించానో వాడికి తెలియదు.

2013 జులై 14 రాత్రితో తంతి ఆపేశారు. ఇంకొక్క ఏడాది నడిపి ఉంటే బాగుండేది. కౌంటరు దగ్గర నిలబడి పెన్సిలుతో కొట్టేసుకుంటూ ఎలాగో రాసేవాణ్ణి. 'తప్పు నాది, బయలుదేరి రా.' నాలుగు పదాలు. పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇప్పుడు ఫోను ఉంది, వాడి నంబరూ ఉంది. ఫోను చేస్తే మాట్లాడాలి కదండీ.

ఉంటాను, సెలవు.